చైను జారుతోందా? లింకు తీయించే ముందు కొలిచి చూడండి

పాల కేంద్రంలో తూకం ముగిసే వేళ ఒకటుంటుంది. అది దాటితే ఆ పూట పాలు ఇంటికి తిరిగి రావాల్సిందే. కూరగాయలు మార్కెట్టుకు మోసే వారిదీ అదే పరిస్థితి. తెల్లారేలోపు చేరిన గంపకు పలికే ధర ఎండెక్కాక చేరిన గంపకు పలకదు. దారిలో సైకిలు చైను ఊడినా, జారినా జరిగే నష్టం అదీ. కానీ ఈ బాధ ఎంత మామూలైపోయిందంటే, దాన్ని ఎవరూ రోగం కింద లెక్కెయ్యరు. ఊడితే ఎక్కించుకుంటారు. మళ్లీ ఊడితే దుకాణానికి వెళ్లి ‘ఒక లింకు తీసెయ్ తమ్ముడూ’ అంటారు. నెలో, రెండు నెలలో బాగానే నడుస్తుంది. మళ్లీ అదే కథ. చివరికి విసిగి కొత్త చైను కొంటారు. తీరా చూస్తే కొత్త చైను వేసిన రోజే పాతదానికంటే ఎక్కువ జారుతుంది. నకిలీ చైను అంటగట్టావని దుకాణదారుతో తగవు పడతారు.

చాలాసార్లు తప్పు చైనుదీ కాదు, దుకాణదారుదీ కాదు. పెడలు దగ్గరి పెద్ద పళ్ల చక్రం (చైన్ వీలు), వెనక చక్రానికుండే చిన్న పళ్ల చక్రం (ఫ్రీవీలు), ఈ రెంటినీ కలిపే చైను.. ఈ మూడూ కలిసే అరుగుతాయి. ఒకటి చెడితే మిగతా రెంటినీ చెడగొడుతుంది. ఏది చెడిందో తెలుసుకోకుండా ఒకదాన్ని మార్చితే డబ్బు దండగ. తెలుసుకోవడానికి కావలసింది ఒక స్కేలు, ఒక సుద్దముక్క, పావుగంట సమయం.

ముందుగా ఒక లెక్క చూడండి. మన మామూలు బరువు సైకిళ్లలో చైన్ వీలుకు 44 పళ్లు, ఫ్రీవీలుకు 18 పళ్లు ఉండటం పరిపాటి. మీ సైకిలుకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. పెడలు ఉండే కడ్డీ (క్రాంకు) పొడవు సుమారు ఆరున్నర నుంచి ఏడు అంగుళాలు. 44 పళ్ల చైన్ వీలు మధ్య నుంచి చైను వరకు దూరం మూడున్నర అంగుళాలు. అంటే కాలు పెట్టిన బరువుకు దాదాపు రెట్టింపు లాగుడు చైను మీద పడుతుంది. 60 కిలోల మనిషి గట్టు ఎక్కడానికి పెడలు మీద లేచి నిలబడితే చైను మీద పడేది సుమారు 115 కిలోలు. వెనక ఇరవై లీటర్ల క్యానులు రెండో, యూరియా బస్తానో ఉంటే అలా లేచి తొక్కక తప్పదు కదా. (యూరియా బస్తా 2018లో 50 కిలోల నుంచి 45కు తగ్గింది కానీ, సైకిలుకు అదేమీ తేలిక కాదు.) సరిగ్గా అప్పుడే చైను పళ్ల మీంచి ఎగిరితే కాలు ఒక్కసారిగా కిందికి జారుతుంది. మనిషి కడ్డీ మీద పడతాడు, బరువు పక్కకు లాగుతుంది. కాలవ గట్టు మీద అలా పడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

చప్పుడును లెక్కపెట్టండి

సైకిలు చప్పుడు చేస్తోందంటే ఎక్కడ బాధ ఉందో చెబుతోందన్న మాట. ఎన్ని చుట్లకు ఒకసారి వస్తోందో గమనించండి.

పెడలు ఒక చుట్టు తిరిగితే ఒకసారి ‘టక్’మంటే బాధ ముందు భాగంలో ఉంది. అది పెడలు కావచ్చు, క్రాంకు కావచ్చు, కాటర్ పిన్ను కావచ్చు, వంగిన చైన్ వీలు కావచ్చు. పెడలు సుమారు రెండున్నర చుట్లు తిరిగాక ఒకసారి చైను ఎగిరితే బాధ చైనులోనే, ఏదో ఒక లింకులో ఉంది. ఎందుకంటే చైను మొత్తం ఒకసారి తిరిగి రావడానికి పెడలు అన్ని చుట్లు తిరగాలి. ఇలా కాకుండా, బలంగా తొక్కినప్పుడు మాత్రమే, ఒక పద్ధతి లేకుండా ఎగురుతుంటే పళ్లు అరిగాయనో, చైను సాగిందనో అనుమానించాలి. తొక్కడం ఆపేసి సైకిలును దొర్లనిచ్చినా చప్పుడు ఆగలేదంటే అది చక్రానిదో మడ్‌గార్డుదో. చైనును వదిలెయ్యండి.

లింకు బిగుసుకుని ఉంటే కనిపెట్టడం తేలిక. స్టాండు వేసి పెడలును మెల్లగా వెనక్కి తిప్పుతూ ఫ్రీవీలు వెనక భాగం చూడండి. బిగుసుకున్న లింకు నిటారుగా రాదు, మోకాలు వంచినట్టు వస్తుంది. అక్కడ రెండు చుక్కలు నూనె వేసి, ఆ లింకును రెండు చేతులతో అటూ ఇటూ పక్కలకు మెల్లగా వంచితే వదులవుతుంది. దీనికి ఖర్చేమీ లేదు.

బిగువు ఎంత ఉండాలి?

చైను వదులుగా ఉంటే ఊడుతుందని అందరికీ తెలుసు. అతిగా బిగిస్తే కూడా ముప్పేనని చాలామంది ఒప్పుకోరు. తీగలా బిగించిన చైను ఇరుసుల్లోని గోళీలను తినేస్తుంది, తొక్కుడు బరువెక్కుతుంది, పిన్నులు త్వరగా అరుగుతాయి. చైను మధ్యభాగాన్ని వేలితో పైకి కిందికి ఆడిస్తే మొత్తం మీద అర అంగుళం కదలాలి. ముప్పావు అంగుళం దాకా పర్వాలేదు. అయితే ఒక్క చోట చూసి సరిపెట్టుకోవద్దు. చైన్ వీలు నూటికి నూరుపాళ్లు గుండ్రంగా ఉండదు. పెడలును కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. అన్నింటికంటే బిగువుగా ఉన్న చోట కూడా ఆ కాస్త ఆట ఉండాలి.

బిగించడానికి వెనక చక్రం నట్లు రెండూ వదులు చేయండి. ఇరుసుకు రెండువైపులా ఉండే అడ్జస్టరు నట్లను రెంటినీ సమానంగా, అర చుట్టు చొప్పున తిప్పండి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిప్పితే చక్రం వంకర కూర్చుంటుంది. వంకర చక్రంతో చైను పక్కకు లాగి ఊడుతుంది. దాన్ని వదులనుకుని మళ్లీ బిగిస్తారు. అలా ఎన్నిసార్లు బిగించినా ఫలితం ఉండదు. టైరుకూ రెండువైపుల ఫ్రేము కడ్డీలకూ మధ్య ఖాళీ సమానంగా ఉందో లేదో కంటితో చూసుకోండి. నట్లు బిగించాక వెనక బ్రేకు కూడా తప్పక పట్టి చూడాలి. చక్రం జరిగితే బ్రేకు రబ్బర్ల దూరం మారుతుంది. అది చూడకుండా బరువు వేసుకుని బయలుదేరవద్దు.

పిల్లల స్కేలు చాలు

‘చైను సాగింది’ అంటాం కానీ ఇనుము రబ్బరులా సాగదు. చైనులో వంద పైచిలుకు పిన్నులుంటాయి. దుమ్ము, నూనె కలిసి ముద్దై పిన్నుల సందుల్లోకి చేరి సానరాయిలా పనిచేస్తాయి. ఒక్కో పిన్ను దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అరిగినా, వంద పిన్నులకు కలిపి చైను సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. మనం సాగుడు అనేది ఆ పెరుగుదలనే.

దాన్ని కొలవడం ఇలా. చైను తుడిచి, పైభాగం బిగువుగా ఉండేలా పెడలును కాస్త ముందుకు నొక్కి పట్టుకోండి. బడి పిల్లల స్కేలులో అంగుళాల వైపు తీసుకోండి. సున్నా గీతను ఒక పిన్ను సరిగ్గా మధ్యలో పెట్టండి. ఆ పిన్నును వదిలేసి, తర్వాతి దాని నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ దూరం అర అంగుళం. కాబట్టి ఇరవయ్యో పిన్ను మధ్యభాగం సరిగ్గా 10 అంగుళాల గీత మీద ఉండాలి. గీత దాటి ఒక మిల్లీమీటరు పోయిందంటే అరుగుదల మొదలైంది, నూనె మీద శ్రద్ధ పెట్టాలి. రెండున్నర మిల్లీమీటర్లు పోతే చైను పనైపోయినట్టే. అప్పటికీ అదే చైను వాడితే అది పళ్లను కూడా తనలాగే మార్చేస్తుంది.

ఒకటి రెండు చోట్ల కొలవండి. అన్నిచోట్లా ఒకేలా అరగదు.

ఇప్పుడు లింకు తీయించే సంగతి. స్కేలు మీద చైను బాగానే ఉండి, అడ్జస్టరులో ఇంక చోటు లేక వదులుగా ఉంటే లింకు తీయించడం సరైన పనే. కానీ రెండున్నర మిల్లీమీటర్లు దాటిన చైనుకు లింకు తీయిస్తే పొడవు తగ్గుతుందే గాని, మిగిలిన ప్రతి పిన్ను మధ్య దూరం పెరిగే ఉంటుంది. పంటి మీద కూర్చునేది ఆ దూరమే. పైకి బిగువుగా కనిపిస్తూనే అది రోజూ పళ్లను గీస్తుంటుంది. నా మట్టుకు, సైకిలు మీద ఎక్కువ డబ్బు పోయేది ఈ లింకు తీయించే అలవాటు వల్లే అనిపిస్తుంది. లింకు తీయడానికి ఇచ్చేది చిల్లర డబ్బులు. దాని వల్ల పాడయ్యేవి ఫ్రీవీలు, చైన్ వీలు.

కొత్త చైను ఎందుకు జారుతుంది?

పైన చెప్పింది అర్థమైతే ఇది కూడా అర్థమైనట్టే. అరిగిన చైనుతో ఏళ్ల తరబడి నడిచిన పళ్లు ఆ చైను కొలతకు తగ్గట్టు అరిగి ఉంటాయి. అవి పాత చైనుకే సరిపోతాయి. కొత్త చైను కొలత సరిగ్గా అర అంగుళమే కాబట్టి వాటి మధ్య కూర్చోదు, పంటి మొన మీదికి ఎక్కుతుంది. కాస్త బలంగా తొక్కగానే ఎగురుతుంది.

ముందుగా అరిగేది ఫ్రీవీలే. 44 పళ్ల మీద పడే పని అక్కడ 18 పళ్లే చేయాలి. అంటే చైన్ వీలు పన్ను ఒకసారి పనిచేస్తే ఫ్రీవీలు పన్ను దాదాపు రెండున్నర సార్లు పనిచేస్తుంది. పళ్లను దగ్గరగా చూడండి. మంచి పన్ను రెండువైపులా ఒకేలా ఉంటుంది. అరిగిన పన్ను ఒకవైపు తిని, కొడవలి కొనలా ఒక పక్కకు వంగి, మొన సన్నబడి ఉంటుంది.

కొత్త చైను వేయిస్తే డబ్బు ఇవ్వకముందే ఒక పరీక్ష చేయండి. ముందు చక్రాన్ని గోడకు ఆనించి, సైకిలు పక్కన నిలబడి, వెనక బ్రేకు గట్టిగా పట్టి, పెడలును కాలితో బలంగా నొక్కండి. పెడలు స్థానం మార్చి ఆరేడు సార్లు ఇలాగే చేయండి. వేళ్లు చైను దరిదాపులకు పోనివ్వకండి. ఫ్రీవీలు దగ్గర చైను పైకి లేచినా, ‘టక్’మని ఎగిరినా ఫ్రీవీలు కూడా మార్చాల్సిందే. అప్పుడు మార్చనంటే కొత్త చైను కూడా ఆ పళ్ల మీద పడి త్వరగా పాడవుతుంది. చైనును సకాలంలో, అంటే రెండున్నర మిల్లీమీటర్లు దాటకముందే మార్చేవారికి సాధారణంగా ఒక ఫ్రీవీలు మీద రెండు మూడు చైన్లు నడుస్తాయి.

కొనేటప్పుడు పాత చైనును వెంట తీసుకెళ్లండి. మామూలు సైకిలు చైను కొలతను దుకాణాల్లో ‘హాఫ్ బై వన్ బై ఎయిట్’ అంటారు. గేర్ల సైకిళ్లకు వేసే చైను సన్నం. అది మన సైకిలు పళ్ల మీద దిగదు. ఈమధ్య పిల్లల గేరు సైకిళ్లు ఊళ్లలోకి కూడా వచ్చాయి కాబట్టి దుకాణాల్లో రెండు రకాలూ ఉంటున్నాయి, చూసి తీసుకోండి.

కాటర్ పిన్నును నిర్లక్ష్యం చేయొద్దు

చైను బాగుంది, పళ్లు బాగున్నాయి, అయినా తొక్కినప్పుడల్లా కాలి కింద ‘టక్’మంటోందా? రెండు క్రాంకులనూ చెరో చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. రెండూ కలిసి కదిలితే మధ్య ఇరుసు వదులైంది. దుకాణంలో దాన్ని బీబీ అంటారు. ఎడమవైపు కప్పును బిగించాలి, లేదా గోళీలు మార్చాలి. అలా కాక ఒక క్రాంకు నిలబడి రెండోది మాత్రమే కదిలితే కాటర్ పిన్ను వదులైనట్టు. పెడలు మర వదులైనా ఇలాంటి చప్పుడే వస్తుంది. ఎడమ పెడలుకు ఎదురు మర ఉంటుందని గుర్తుపెట్టుకుని బిగించండి.

కాటర్ పిన్ను చిన్నది, చవకైనది. కానీ వదులు పిన్నుతోనే తొక్కుతూ పోతే ఇరుసు మీద చదునుగా ఉండే చోటు, క్రాంకు బొక్క రెండూ అరిగిపోతాయి. తర్వాత కొత్త పిన్ను వేసినా నిలవదు. ఇరుసు, క్రాంకు కొనాల్సి వస్తుంది. కుడి క్రాంకుకు చైన్ వీలు కలిసే ఉంటుంది కాబట్టి అదీ పోయినట్టే.

పిన్నును నట్టు బిగించి లోపలికి లాగాలని చూస్తే మర తెగుతుంది. పిన్నును సుత్తితో దింపాలి, నట్టు కేవలం అది వెనక్కి రాకుండా ఉండటానికే. కొట్టేటప్పుడు క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం ముక్కో, బొక్క ఉన్న కర్రదిమ్మో నిలబెట్టి ఆనించండి. లేకపోతే ఆ దెబ్బ మధ్య ఇరుసు గోళీల మీద పడుతుంది. రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో ఉండాలి. ఒక వైపు నట్టు పైకి ఉంటే రెండో వైపు నట్టు కిందికి కనిపించాలి. అలా లేకపోతే రెండు పెడళ్లూ ఒకే గీతలోకి రావు, కాళ్లు నొప్పులు పుడతాయి. కొత్త పిన్నుతో ఒకటి రెండు మైళ్లు తొక్కాక మళ్లీ రెండు దెబ్బలు వేసి నట్టు బిగించాలి. అసలు జనం మరిచిపోయేది ఇదే.

చైన్ వీలు వంగిందేమో చూడటానికి సుద్దముక్కను ఫ్రేముకు ఆనించి పళ్లకు దగ్గరగా పట్టుకుని పెడలు తిప్పండి. సుద్ద అంటిన చోటు సుద్ద వైపుకు వంగినట్టు. మెకానిక్కుకు ఆ గుర్తు చూపిస్తే సరిపోతుంది, వెతికే పని ఉండదు.

పెడలు తిరిగినా చక్రం తిరగకపోతే

ఇది ఫ్రీవీలు లోపలి బాధ. లోపల చిన్న నాలుకల్లాంటి ముక్కలుంటాయి. ముందుకు తొక్కినప్పుడు అవి పళ్లలో ఇరుక్కుని చక్రాన్ని లాగుతాయి. సైకిలు దొర్లేటప్పుడు ‘టిక్ టిక్’మనేది అవే. ఆ చప్పుడు మందగించినా, ఆగిపోయినా నాలుకలు మురికికి అతుక్కుపోయాయన్న మాట. చాలామంది గ్రీజు కుక్కుతారు. గ్రీజు చిక్కన, నాలుకలు ఇంకా అతుక్కుంటాయి. చక్రాన్ని పక్కకు పడుకోబెట్టి, ఫ్రీవీలు సందులోకి కిరోసిన్ పోస్తూ తిప్పండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిలు. నల్లమురికి పోయాక ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేయండి. అప్పటికీ జారితే మార్చడమే దారి, విప్పించి లోపల బాగుచేయించడం డబ్బుకు తగ్గ పని కాదు.

ఏ నూనె, ఎంత?

ఆముదం, కొబ్బరినూనె, వంటనూనె.. ఇంట్లో ఏదుంటే అది పోసే అలవాటుంది. ఇవి కొన్నాళ్లకు బంకలా మారి దుమ్మును పట్టుకుంటాయి. ట్రాక్టరు నుంచి తీసిన పాత ఇంజనాయిలులో ఇనుప పొడి ఉంటుంది, అది కూడా పనికిరాదు. కిరోసిన్ మాత్రమే పోసి వదిలేస్తే ఉన్న నూనె కూడా పోయి చైను ఎండిపోతుంది. కుట్టుమిషను నూనె గానీ, మోటారు సైకిలుకు పోసే కొత్త ఇంజనాయిలు గానీ మంచిది.

పాత పళ్లబ్రష్షుతో, కిరోసిన్‌తో చైను కడిగి, గుడ్డతో తుడిచి, గంటసేపు ఆరనివ్వండి. తర్వాత పెడలు మెల్లగా వెనక్కి తిప్పుతూ ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేయండి. పది నిమిషాలాగి పైన ఉన్న నూనెనంతా తుడిచెయ్యండి. తుడవడమెందుకంటారా? నూనె కావలసింది పిన్నుల లోపల. పైన ఉంటే దుమ్ముకు గాలం వేసినట్టే.

ఎరువులు మోసిన రోజు మాత్రం అశ్రద్ధ చేయకండి. బస్తా నుంచి రాలిన పొటాష్, అమ్మోనియం ఎరువులు తేమను లాక్కుని ఇనుమును తుప్పు పట్టిస్తాయి. ఇంటికొచ్చాక చైనును తడిగుడ్డతో తుడిచి, ఆరాక నూనె వేయండి. ఉప్పుగాలి ఉండే సముద్రతీర గ్రామాల వారికి, దమ్ము చేలల్లోంచి సైకిలు నడిపించేవారికి కూడా ఇదే మాట. నిండు చైను కవరున్న సైకిలైతే దాని అడుగున చేరిన మట్టి, ఊక కూడా తీయండి. లోపల ఏముందో బయటికి కనిపించదు.

దారిలో ఊడితే

వేళ్లు పెట్టి లాగకండి. చేతివేళ్లకు గాయాలు ఇలాగే అవుతాయి. ముందు చైనును ఫ్రీవీలు మీద పూర్తిగా ఎక్కించండి. తర్వాత చైన్ వీలు కింది భాగంలో నాలుగైదు పళ్లకు పుల్లతో తగిలించి, పెడలును చేత్తో మెల్లగా వెనక్కి తిప్పండి, దానంతటదే ఎక్కుతుంది. పంచె అంచు, తువ్వాలు ముందే పైకి దోపుకోండి. వెనక ఆడవాళ్లు కూర్చుంటే కొంగు చూసుకోమనండి.

చైను తెగితే కంగారుపడి దూకొద్దు, బ్రేకులకు చైనుతో సంబంధం లేదు. కొన్ని చైన్లకు జాయింటు లింకు మీద సన్నటి క్లిప్పు ఉంటుంది, తెగే చోట్లలో అదొకటి. క్లిప్పు మూసి ఉన్న వైపు చైను నడిచే దిశకు, అంటే పైభాగంలో చూస్తే ముందు చక్రం వైపుకు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది. అలాంటి జాయింటు లింకు ఒకటి, క్లిప్పుతో సహా, నూనె గుడ్డలో చుట్టి సీటు కింద కట్టుకోండి. చైను కొన్న దుకాణంలోనే, ఆ చైనుకు సరిపోయేదే అడిగి తీసుకోండి.